విషయం: మూడో అంతస్తు మెట్ల దగ్గర శబ్దం

పేజీలెన్ని అని మళ్లీ అడుగుతోంది, పక్కన ఎర్ర చుక్క, అంటే ఆ గడి నింపకపోతే ముందుకు కదలనివ్వదన్నమాట, శబ్దానికి పేజీలెక్కడివే తల్లీ అని పైకే అనేశాను, పక్క గదిలో ఎవరైనా విన్నారేమో, వింటే విననీ, ఎనిమిదేళ్లుగా ఈ కంప్యూటరుతో మాట్లాడుతూనే ఉన్నాను, అది ఒక్కసారీ జవాబు చెప్పిన పాపాన పోలేదు, సున్నా కొడితే ఒప్పుకోదు, ఖాళీగా వదిలితే ఒప్పుకోదు, ఒకటి కొడితే మాత్రం కిమ్మనకుండా పచ్చబడుతుంది, అందుకే మా విశ్వవిద్యాలయంలో నాట్యం ఒక పేజీ, చెక్కబొమ్మల ప్రదర్శన ఒక పేజీ, విత్తనాలు నాటడానికి వ్యవసాయ విభాగం వాళ్లు చేసిన యంత్రం ఒక పేజీ, నది అడుగు ఎలా ఉంటుందో చూపించే పటం ఒకటి గోడంత పొడవుంటుంది, అదీ ఒక పేజీయే, ఎప్పుడైనా ఎవరైనా మొత్తం కూడి చూస్తే ఈ ఎనిమిదేళ్లలో నేను నమోదు చేసినవన్నీ కలిపి ఒక సన్నపాటి పుస్తకం అవుతుందేమో, పుస్తకాలూ వ్యాసాలూ రాసేవాళ్ల సంగతి చూసేది మరో గది, వాళ్లకు పేజీలుంటాయి, సంచికలుంటాయి, ఆ గదిలో కూర్చునేవాడు నాలుగింటికల్లా సంచి భుజానికి తగిలించుకుని ఈల వేసుకుంటూ పోతాడు, రాయకుండా చేసేవాళ్లంతా, ఆడేవాళ్లు, కట్టేవాళ్లు, గీసేవాళ్లు, మోగించేవాళ్లు వచ్చి నా నెత్తిన పడతారు, పైనుంచి వచ్చే కాగితాల్లో వీటికి సంప్రదాయేతర పరిశోధన ఫలితాలని బారెడు పేరుంది, మా అంతస్తులో మాత్రం ఇతరాలు, ఇతరాల మేడమ్ అంటే నేను, రెండుంపావయింది, ఐదింటికి ఈ ఏటి జాబితా మూసేస్తారు, నలభై ఒక్క ఇతరాల్లో నలభై అయిపోయాయి, మిగిలింది ఈ ఒక్కటి, ఇది నా ప్రాణం తీస్తోంది.

పేజీల దగ్గర ఒకటి కొట్టి ముందుకు జరిగాను, అసలు గండం ఆ కిందిది, ప్రజలకు చేరినట్టు ఆధారం, ఈ ఏడే కొత్తగా పెట్టారు, ఆ రచన నడిచిన రోజుల్లోనే, దాన్ని చేసినవారు కాక వేరెవరో, స్వయంగా చూసిగానీ వినిగానీ రాసిన, తేదీ ఉన్న కాగితం ఒక్కటి జతచేయాలట, పత్రికలో సమీక్ష కావచ్చు, సందర్శకుల పుస్తకంలో రెండు వాక్యాలు కావచ్చు, ఏదో ఒకటి, నాట్యం వాళ్లు పదకొండు తెచ్చారు, చెక్కబొమ్మలవాళ్లు బడిపిల్లల చేత రాయించి కట్ట కట్టి తెచ్చారు, ఈ మైకమ్మ మాత్రం ఉత్త చేతులతో వచ్చింది, సంగీత విభాగంలో కాంట్రాక్టు అధ్యాపకురాలు, ఎక్కడికెళ్లినా బొచ్చు తొడుగేసిన మైకు ఒకటి చంకలో పెట్టుకుని తిరుగుతుంది కాబట్టి అందరికీ మైకమ్మ, మూడేళ్లయింది చేరి, ఈ ఏడాది ఒక్క ఫలితమైనా నమోదు కాకపోతే కొనసాగింపు లేదని ఉత్తరం వచ్చింది, అంటే ఐదింటిలోపు ఆ గడి పచ్చబడకపోతే వచ్చే నెల ఆ అమ్మాయి మైకు సంచిలో సర్దుకుని ఇంటికి పోవాల్సిందే, ఆ మాట ఆమె పొద్దున్న చెప్పలేదు, చెప్పకపోయినా నాకు తెలుసు, ఆ ఉత్తరం నకలు నా ఫైల్లోనే ఉంది.

ఇంతకీ ఆమె చేసిందేమిటంటే, మా భవనం శబ్దాలే పట్టుకుంది, నీళ్ల ట్యాంకు మోటారు, లిఫ్టు తాళ్లు, గొట్టాలు, తలుపులు, వాటిని సాగదీసి నెమ్మది చేసి, అరచేతిలో పట్టే ఆరు స్పీకర్లు రెండో అంతస్తుకీ మూడో అంతస్తుకీ మధ్య మెట్ల కింద దాచి, వినీ వినిపించనట్టు నడిపించింది, నలభై రోజులు నడవాలి, పంతొమ్మిదో రోజున ఎవరో ఫిర్యాదు చేస్తే ఎలక్ట్రీషియను వచ్చి వైర్లు పీకేశాడు, పోనీ పదిహేను రోజులు నడిస్తే చాలని నిబంధన ఉంది కాబట్టి రోజుల గడి పచ్చబడింది, కానీ బోర్డు పెట్టలేదు, ఎవరికీ చెప్పలేదు, పుస్తకం పెట్టలేదు, ఫొటో తీద్దామంటే కనిపించేది మెట్లే, పొద్దున్న ఈ కుర్చీ ఎదురుగానే కూర్చుని చెప్పింది, నాకు ఒళ్లు మండిపోయింది, ఏమ్మా, చిన్న బోర్డొకటి పెట్టుంటే నీకేం పోయేది, ఇక్కడ ఫలానా పరిశోధన జరుగుతోందని రెండు ముక్కలు రాసి అతికిస్తే సరిపోయేదిగా అన్నాను, బోర్డు పెడితే వినరు మేడమ్, చదువుతారు అంది, ఎంత నిమ్మళంగా అందో, చదివి ఓహో అనుకుని వెళ్లిపోతారు, చెప్పకుండా వినిపిస్తే ఎవరైనా ఆగుతారా లేదా అన్నదే నా ప్రశ్న, అదే పరిశోధన అంది, మరి ఆగారా అన్నాను, ఏమో మేడమ్, నేను అక్కడ నిలబడితే అది కూడా బోర్డు పెట్టినట్టే కదా, అందుకే ఒక్కరోజూ పోయి చూడలేదు అంది, నేను తల పట్టుకున్నాను, లోకంలో ఇంత తెలివిగా తన కొంప తానే ముంచుకునే మనిషిని నేను చూడలేదు.

వెళ్లబోతూ గుమ్మం దగ్గర ఆగి, ఆ ఫిర్యాదు చేసినవాళ్లెవరో తెలిస్తే బాగుండేది మేడమ్, తిట్టడానికి కాదు, ఒక్కమాట అడగాలి అంది, నేను తెరవైపు చూస్తూ ఎవరో ఏమిటో, వందమంది తిరిగే మెట్లు అన్నాను, వందమంది తిరిగే మెట్లు, ఎంత చక్కగా వచ్చిందో నోటికి, అప్పట్నుంచీ ఆ మాట నాలుక మీద చేదుగా ఉంది, రెండుసార్లు నీళ్లు తాగాను, నీళ్ల డబ్బా ఈ రెండో అంతస్తులోనే ఉంది, నా తలుపు నుంచి పది అడుగులు, మరి ఆ రోజుల్లో సీసా పట్టుకుని మూడో అంతస్తుకు ఎందుకెక్కేదాన్నో, అక్కడి నీళ్లు చల్లగా ఉంటాయని మా ఆయనతో కూడా చెప్పాను, చల్లగా ఏం ఉండవు, రెండూ ఒకటే నీళ్లు, ఒకే ట్యాంకు, వద్దు, ఇప్పుడది వద్దు, ముందు ఈ ఫారం సంగతి చూడాలి, రచన మొదలైన తేదీ రుజువు కావాలట, ముందస్తు సమాచార పత్రం ఇచ్చి ఉంటే దాని సంఖ్య, ఇచ్చానని అంది కదా, నాకే ఇచ్చానని అంది, సొరుగు లాగాను, కాగితాల అడుగున ఉంది, చక్కగా నా ముద్ర, నా సంతకం, అందినది అని నా చేతిరాత, కింద ఆమె రాసిన రెండు పేరాలు, మెట్లు, స్పీకర్లు, ట్యాంకు మోటారు, నలభై రోజులు, అన్నీ ఉన్నాయి, స్పీకర్లు పెట్టడానికి నెల ముందే నా బల్ల మీదకు వచ్చింది, ముద్ర వేశాను, సంఖ్య వేశాను, చదవలేదు, రోజుకు ఇరవై కాగితాలకు ముద్ర వేసేదాన్ని ఏదని చదవను, అందరూ ఇంతే కదా, అందరూ ఇంతే గానీ అందరూ పోయి ఫిర్యాదు చేయలేదుగా, నేను చేశాను, ఇదిగో, ఒప్పేసుకున్నాను, అయిపోయింది, ఆ ఎవరో నేనే, ఈ విశ్వవిద్యాలయంలో ఇలాంటివాటిని వెతికి పట్టుకుని నమోదు చేయడానికి పెట్టిన ఒకే ఒక్క మనిషిని, నేనే పోయి దాన్ని పీకించాను.

కావాలని చేయలేదు, శబ్దం అనుకున్నాను, రచన అనుకోలేదు, అసలు ఏమీ అనుకోలేదు, మొదటి రోజు సీసా పట్టుకుని ఊరికే పైకి పోతుంటే మలుపులో కాలు ఆగింది, ఎందుకాగిందో తెలియలేదు, రెండో మెట్టు ఎక్కాక తెలిసింది, పంపుహౌసు, నాన్న పంపుహౌసు, ఊరంతటికీ నీళ్లు ఎక్కించే నాలుగు పెద్ద మోటార్లు, బడి అయ్యాక అమ్మ వచ్చేదాకా నేను అక్కడే ఇనపబల్ల మీద కూర్చుని లెక్కలు చేసుకునేదాన్ని, ఆ హోరులో నోటితో మాట్లాడితే వినబడదు, నాన్న స్క్రూడ్రైవరు కొస మోటారుకు ఆనించి, చెక్కపిడి నా చెవికి ఆనించి, విను, ఏం వినిపించిందో అప్పుడే చెప్పకు, ముందు విను అని చెవిలో అరిచేవాడు, గంటకోసారి రిజిస్టరులో రాయాలి, టైము, పీడనం, శబ్దం అని మూడు గళ్లు, శబ్దం గడిలో ఎవరైనా బాగుంది అని రాసి చేతులు దులుపుకుంటారు, ఈయన ఒకసారి రెండో మోటారు గొంతు బాగాలేదు అని రాశాడు, ఇంజనీరు వచ్చి అందరి ముందూ చదివి, మోటారుకు గొంతేమిటయ్యా, దగ్గు మందు పొయ్యనా అని నవ్వాడట, మూడోనాడు బేరింగు పట్టేసి సగం ఊరికి నీళ్లు రాలేదు, మా ఇంట్లో ఎవరికి జలుబు చేసినా అదే మాట, రెండో మోటారు గొంతు బాగాలేదని, నాన్న పోయి ఏడాది దాటింది, ఆయన పోయిన వారానికే తమ్ముడూ నేనూ వెళ్లి ఆ రిజిస్టర్లలో ఒక్కటి ఇవ్వమని అడిగాం, ఒకే ఒక్కటి, అన్నీ కంప్యూటరు మీదకి వెళ్లాయండీ, పాతవి ఎప్పుడో తీసేశారు అన్నాడు కొత్తాయన, ముప్పై ఒక్క ఏళ్లు గంటగంటకూ విని రాసిన మనిషి, ఆయన విన్నదానికి ఒక్క కాగితం లేదు, ఊరు నీళ్లు తాగింది, అంతే.

ఫోను, పట్టికల సారు, మా డైరెక్టరు గారు, ఏ సంగతి చెప్పినా పట్టికలో పెట్టి చూపించమ్మా అంటాడు కాబట్టి అందరి నోటా పట్టికల సారు, ఏంటమ్మా ఎంతవరకు వచ్చింది అన్నాడు, నలభై అయ్యాయి సార్, ఒకటుంది అన్నాను, ఆ మెట్ల గోల సంగతా, దానికి ఆధారం లేదుగా, ఆధారం లేదు అని నొక్కేసి పంపించెయ్, నలభై అయినా నలభై ఒకటైనా మనకొకటే, పట్టిక నిండుగా కనిపిస్తోంది అన్నాడు, ఆ అమ్మాయి కాంట్రాక్టు ఉంది కదా సార్ అన్నాను, అది వాళ్ల విభాగం చూసుకుంటుంది, మన పని లెక్క చెప్పడం, నువ్వు మరీ మనసుకు తీసుకోకు అని పెట్టేశాడు, మనసుకు తీసుకోకట, ఆ రోజు మెట్ల మీద నన్ను చూసిందీ ఈయనే, పద్దెనిమిదో రోజు, పదకొండున్నరకు సమావేశం, నేను తొమ్మిదో మెట్టు మీద కూర్చుండిపోయాను, సీసా ఒళ్లో పెట్టుకుని, ఎంతసేపు కూర్చున్నానో తెలియదు, సమావేశం సగం అయిపోయింది, ఆయనే వెతుక్కుంటూ వచ్చి ఏంటమ్మా ఒంట్లో బాగాలేదా అన్నాడు, చెంపలు తడిగా ఉన్నాయి, ఏం చెప్పను, ఏదో మోటారు శబ్దం సార్, రోజూ ఇదే, తల పగిలిపోతోంది అన్నాను, ఆయన చెవి రిక్కించి నాకేం వినబడటం లేదే అన్నాడు, అని వెంటనే, అయినా బాధ ఉంటే కాగితం మీద పెట్టమ్మా, కాగితం లేందే ఎవడూ కదలడు అన్నాడు, అలాగే సార్ అని ఆ మధ్యాహ్నమే పెట్టాను, ఆయన మాట తీసేయడానికి లేక పెట్టానా, కాదు, పెట్టాలనే పెట్టాను, మర్నాడు ఆ మలుపు మూగబోయింది, హమ్మయ్య అనుకున్నాను, తర్వాత మళ్లీ మూడో అంతస్తుకు వెళ్లలేదు, కాగితం మీద పెట్టమ్మా, కాగితం, ఒక్క నిమిషం, ఆ రచన నడిచిన రోజుల్లోనే, దాన్ని చేసినవారు కాక వేరెవరో, స్వయంగా వినిగానీ, తేదీ ఉన్న కాగితం.

లేచాను, కుర్చీ వెనక్కి పడింది, ఎత్తలేదు, నా వయసుకు ఆ మెట్లు రెండేసి దిగకూడదు, దిగాను, ఎలక్ట్రీషియన్ల గది కింద జనరేటరు వెనకాల, బాబాయ్ స్టూలు మీద కూర్చుని ఫ్యాను మోటారు ఒకటి విప్పుకుంటున్నాడు, ఈ భవనం కట్టినప్పట్నుంచీ ఉన్నాడు, అందరికీ బాబాయే, బాబాయ్, నా కాగితం ఒకటుండాలి నీ దగ్గర, మెట్ల దగ్గర శబ్దం అని ఇచ్చాను చూడు అన్నాను, ఆయన నా మొహం చూసి ఫ్యాను కింద పెట్టేశాడు, ఉందమ్మా, ఎక్కడికి పోతుంది, ఆ అమ్మాయి రెండుమాట్లు వచ్చింది, ఎవరిచ్చారో చెప్పు బాబాయ్ అని, నేను నీ పేరు బయటపెట్టలేదు, రిజిస్టరు కూడా చూపించలేదు అన్నాడు, నాకేదో మేలు చేసినట్టు, నిజానికి చేశాడు కూడా, నాకే సిగ్గేసింది, వేలు తడి చేసుకుని ఒక్కో కాగితం తిప్పుతున్నాడు, కారే కొళాయి, వెలగని దీపం, పట్టని గడియ, తిప్పుతూ, నిజం చెప్పాలంటే ఆ రోజు నేను పోయి నిలబడితే నాకేం వినబడలేదమ్మా, నువ్వు ఏడో మెట్టు అని రాశావు కాబట్టి అక్కడ గోడకు చెవి పెడితే అప్పుడు దొరికింది, నీ చెవి గట్టిదే, మా మోటార్ల పనికి రావాల్సిందానివి అన్నాడు, అని ఆ కాగితం లాగి, అద్దాలు లేవు, నువ్వే చూసుకో అని నా చేతిలో పెట్టాడు.

విషయం, మూడో అంతస్తు మెట్ల దగ్గర శబ్దం, కింద తేదీ, నా సంతకం, మధ్యలో నా చేతిరాతే గానీ నేను రాశానంటే నాకే నమ్మబుద్ధి కాలేదు, నిర్వహణ విభాగం వారికి, రెండో అంతస్తుకీ మూడో అంతస్తుకీ మధ్య మలుపులో మోటారు శబ్దం వస్తోంది, పద్దెనిమిది రోజులుగా వింటున్నాను, పొద్దున సన్నగా ఉండి పదకొండు దాటాక లావెక్కుతుంది, ఏడో మెట్టు మీద నిలబడితే ఎడమవైపు నుంచి, తొమ్మిదో మెట్టు మీద నిలబడితే కాళ్ల కింద నుంచి వస్తుంది, ఒక మోటారు కాదు, రెండు, మొదటిది నడుస్తుండగా రెండోది కాస్త ఆలస్యంగా అందుకుంటుంది, అందుకునే ముందు ఊపిరి పీల్చుకున్నంతసేపు ఆగుతుంది, బేరింగు అరిగిన మోటారు ఇలాగే మోగుతుంది, లోపల ఎవరో డ్యూటీలో ఉన్నట్టుంటుంది, పిలిస్తే పలికేంత దగ్గరగా ఉన్నట్టుంటుంది, కావున దయచేసి వెంటనే ఆపించగలరు, దాని కింద బాబాయ్ పెద్దపెద్ద అక్షరాలతో పని పూర్తయినది అని రాసి గీత గీశాడు, జనరేటరు పక్కన నిలబడి రెండుసార్లు చదివాను, పద్దెనిమిది రోజులని రాశాను, రెండు మూడని రాయలేదు, రోజులు లెక్కపెట్టుకున్నాను, నలభై ఇతరాలకూ నలభై రకాల సమీక్షలు వచ్చాయి, అద్భుతం, అమోఘం, ఆలోచింపజేసింది, ఒక్కరైనా ఎన్నో మెట్టు మీద నిలబడ్డారో రాయలేదు, కాగితం మడిచి దాచుకుని పోయి మొహం కడుక్కుందామనుకున్నాను గానీ టైము చూస్తే మూడూ నలభై, ఇది గానీ జతచేస్తే పట్టికల సారు కుర్చీలోంచి లేస్తాడు, పరిశోధన విభాగమే పరిశోధనను ఆపించిందని పైవాళ్లు నవ్వితే నాకు తాఖీదు తప్పదు, దానికి భయం లేదు, తాఖీదుకు జవాబు రాయడం ఈ పాటికి కళ్లు మూసుకుని వచ్చు, భయమల్లా ఆ అమ్మాయికి చూపించాలంటేనే, చూపించకుండా జతచేయొచ్చు, ఫారం మీద ఆమె సంతకం పొద్దున్నే అయిపోయింది, కానీ అది ఇంకో ముద్ర వేయడమే అవుతుంది.

మా అంతస్తు దాటి పైకి ఎక్కాను, ఆ మలుపు దగ్గర ఈసారి కాలు ఆగడానికి ఏమీ లేదు, అయినా ఆగింది, తొమ్మిదో మెట్టు మీద ఆమే కూర్చుని ఉంది, పీకేసిన వైర్లు ఉండలు చుట్టి సంచిలో పెట్టుకుంటోంది, మైకు పక్కన పెట్టి ఉంది, అయిపోయిందా మేడమ్, లేదనేశారా అంది, నేను కాగితం ఇచ్చాను, ముందు సంతకం చూడలేదు, పైనుంచి చదివింది, పెదాలు కదులుతున్నాయి, ఏడో మెట్టు దగ్గర తలెత్తి ఏడో మెట్టువైపు చూసింది, ఊపిరి పీల్చుకున్నంతసేపు అన్నచోట ఆగిపోయి, ఇది, ఇది పెట్టడానికి నాకు రెండు నెలలు పట్టింది మేడమ్, ఇదెవరికీ తెలియదనుకున్నాను అంది, తర్వాత కాగితం అడుగున సంతకం చూసింది, నన్ను చూసింది, చాలాసేపు చూసింది, మీరా అంది, నేనే అన్నాను, పొద్దున్న అడిగితే వందమంది తిరిగే మెట్లన్నారు అంది, అవును అన్నాను, ఇరవై ఒక్క రోజులు పోయాయి మేడమ్ నాకు, ఆఖరి వారానికి వేరే పెట్టుకున్నాను, తలుపులు, ఒక్కో తలుపూ మూసుకుంటూ పోయేట్టు, అది ఎవరూ వినలేదు, ఇంక వినరు అంది, కోపంతో వైరు ఉండ చేతిలో నలిగిపోతోంది, తప్పయింది అనబోయాను, ఆమె అననివ్వలేదు, నేను అడగాలనుకున్న ఒక్కమాట ఇదే, ఇంతగా విన్న మనిషికి పీకించెయ్యడానికి మనసెలా వచ్చింది అంది, మా నాన్న అన్నాను, ఆ పైన ఒక్క ముక్క రాలేదు, ఆమె దగ్గరికి రాలేదు, భుజం తట్టలేదు, కాగితం వెనక్కి చాచి, పెట్టండి మేడమ్, టైమవుతోంది అని మళ్లీ వైర్లు చుట్టుకోసాగింది.

స్కానరు వేడెక్కడానికి నాలుగు నిమిషాలు తీసుకుంటుంది, ఎప్పుడూ తిడతాను, ఇవాళ తిట్టే ఓపిక లేదు, కాగితం దాని అద్దం మీద బోర్లా పెట్టి నిలబడ్డాను, పడిన కుర్చీ ఎవరో ఎత్తి పెట్టారు, నాలుగూ ఇరవై అయింది, జతచేయి నొక్కాను, ఫైలు పెద్దదైంది అంది, చిన్నది చేశాను, పేరులో ఖాళీలు ఉండకూడదంది, తీసేశాను, మళ్లీ చక్రం తిరిగి తిరిగి పేజీ మొత్తం తెల్లబోయింది, నీ దుంప తెగ అని మొదట్నుంచి నింపాను, పేజీల సంఖ్య ఒకటి, రోజులు పంతొమ్మిది, ఆధారం, పట్టింది, పచ్చబడింది, నాలుగూ నలభై ఎనిమిది, శ్రోతల సంఖ్య అని అడిగింది, వందమంది తిరిగే మెట్లు, వంద కొట్టొచ్చు, ఎవరు చూడొచ్చారు, ఒకటి కొట్టాను, ఒకటా, సరిచూసుకోండి అంది, సరిచూసుకున్నాను, ఒకటే, సాక్షి పేరు, నా పేరు, సాక్షి హోదా, దీనికి జాబితా ఒకటి కిందికి జారుతుంది, విమర్శకులు, సందర్శకులు, శ్రోత, ఇతరం, ఎనిమిదేళ్లుగా వేలు అలవాటుగా కిందికి పోయి ఇతరం మీద ఆగుతుంది, ఇవాళా అక్కడికే పోయింది, ఆగింది, ఫోను మోగుతోంది, పట్టికల సారు అయ్యుంటాడు, మోగనీ, మనసెలా వచ్చింది అని అడిగింది ఆ అమ్మాయి, మెట్ల మీద రాని జవాబు ఇప్పుడు వస్తోంది, ఆ నాట్యానికి నేను వెళ్లలేదు, చెక్కబొమ్మలు చూడలేదు, ఆ నది పటం ముందు నుంచి రోజూ నడిచిపోతాను, ఈ ఎనిమిదేళ్లలో నా చేతిమీదుగా పోయినవాటిలో నేను చూసిందీ విన్నదీ ఏదీ లేదు కాబట్టి ఏదీ నన్ను ఏమీ చేయలేదు, ఇదొక్కటే విన్నాను, విను, ముందు విను అని చెక్కపిడి చెవికి ఆనించిన మనిషి ఆ మలుపులో రోజూ డ్యూటీకి వస్తుంటే విని, రోజూ అక్కడే వదిలేసి కిందికి దిగి రావడం నా వల్ల కాలేదు, అందుకే ఆపమన్నాను, వినిపించకపోతే ఆపమనేదాన్నే కాదు, వేలు ఒక్క గడి పైకి జరిపి శ్రోత అన్నచోట నొక్కాను.